కాన్సరు చికిత్సలో సూక్ష్మజీవుల విషములు

గోదావరి డెల్టాలో వరి పండించు రైతునకు ఊదగడ్డిని గురించి వేరుగా చెప్పనక్కరలేదు. లేతదశలో ఊద అచ్చముగా వరివలెనే యుండును. అదే రంగు, అదే పొడవు, అదే ఆకు. పట్నమునుండి వచ్చినవాడు చేలో దిగినచో ఊదను వదలి వరిని పెరికివేయును. కాని కలుపు తీయుటలో చేయి తిరిగిన స్త్రీలు పొరబడరు. ఆకు కాడను కలియుచోట వరికి పలుచని చిన్న పొర యుండును. ఊదకు ఆ పొర యుండదు. ఆ ఒక్క గురుతు చాలును. గురుతు తెలియనివానికి రెండే దారులు: చేనును ఊదకు విడిచిపెట్టుట, లేదా చేనంతటిపై విషము చల్లి వరిని కూడ చంపుకొనుట.

కాన్సరు చికిత్సలోని చిక్కు కూడ ఇట్టిదే. కాన్సరు కణము బయటినుండి వచ్చిన శత్రువు కాదు. అది మన శరీరములో పుట్టిన కణమే. దానిలోని జన్యువులు మారుటచే అది అదుపు తప్పి, అవసరము లేకున్నను విభజన చెందుచుండును. బాక్టీరియాను చంపుట ఇంతకంటె సులభము. బాక్టీరియాల చుట్టును ఒక ప్రత్యేకమైన గోడ యుండును; మన కణములకు అట్టి గోడ లేదు. పెన్సిలిను ఆ గోడ నిర్మాణమును చెరచును గనుక మన కణములు దానివలన చెడవు. కాన్సరు కణమునకు, ఆరోగ్యవంతమైన కణమునకు అంతటి స్పష్టమైన భేదము లేదు. కణమును చంపగల విషములకు లోకములో కొరత లేదు. కావలసిన కణమును గుర్తించి, దానిని మాత్రమే చంపు విషమే అరుదు.

ప్రకృతిలోని మిక్కిలి తీక్ష్ణమైన విషములలో కొన్నింటిని బాక్టీరియాలు తయారుచేయును. ధనుర్వాతము, డిఫ్తీరియా వంటి వ్యాధులలో రోగిని చంపునది బాక్టీరియా విడుచు విషమే. ఈ విషములను కాన్సరుపైకి మరల్చవచ్చునా అను ఆలోచన నూట ముప్పది ఏండ్లకు పైబడినది. ఆ కథలో భీమవరమున జన్మించిన ఒక శాస్త్రజ్ఞునికి కూడ చోటు కలదు.

కోలీ వైద్యుని ప్రయోగము

1890లో న్యూయార్కు నగరములో విలియం కోలీ అను యువ శస్త్రవైద్యునివద్దకు చేతి ఎముకలో కాన్సరు కలిగిన ఒక యువతి వచ్చెను. చేయి తీసివేసినను ఆమె ప్రాణము దక్కలేదు. ఆ మరణము కోలీని కలచివైచినది. అతడు ఆసుపత్రిలోని పాత రికార్డులన్నియు తిరుగవేసెను. అందులో ఒక విచిత్రమైన సంగతి కనబడెను. కొన్ని ఏండ్లక్రితము ఒక రోగికి మెడపై కాన్సరు గడ్డ లేచినది. ఎన్నిమార్లు కోసి తీసినను మరల పెరిగినది. తుదకు అతనికి ఎరిసిపెలస్ అను చర్మవ్యాధి సోకి, తీవ్రమైన జ్వరము వచ్చినది. జ్వరము తగ్గునప్పటికి గడ్డ కూడ మాయమైనది! కోలీ అతనిని వెదకి పట్టుకొనెను. ఆ మనిషి ఆరోగ్యముగా నుండెను.

ఎరిసిపెలస్ వ్యాధికి కారణము స్ట్రెప్టోకాకస్ జాతి బాక్టీరియా. 1891లో కోలీ ఈ బాక్టీరియాను బ్రతికియుండగనే కాన్సరు రోగులకు ఎక్కించి చూచెను. కొందరికి గడ్డలు కరగినవి. కొందరు ఆ అంటువ్యాధితోనే మరణించిరి. అందువలన అతడు 1893నాటికి పద్ధతి మార్చెను. స్ట్రెప్టోకాకస్‌ను, సెర్రేషియా అను మరియొక బాక్టీరియాను కలిపి, వేడిచే చంపి, ఆ మిశ్రమమును సూదితో ఎక్కించెను. దీనికే ‘కోలీ విషములు’ అని పేరు వచ్చినది.

ఫలితములు ఒకే తీరుగ లేకుండెను. కొందరు రోగులు చాల ఏండ్లు జీవించిరి. ఎక్కువమందికి ప్రయోజనము కనబడలేదు. ఒకచోట తయారైన మిశ్రమము మరియొకచోట తయారైనదానితో సరిపోలెడిది కాదు. ఎంత మోతాదు ఈయవలెనో నిర్ణయించు మార్గము లేకుండెను. 1895లో ఎక్స్-కిరణములు కనుగొనబడిన పిదప వైద్యుల దృష్టి క్రమముగా అటు మరలినది. 1936లో కోలీ మరణించిన తరువాత ఈ పద్ధతి మూలబడినది.

అయినను ఆ కొందరిలో గడ్డ ఎందుకు కరిగినట్లు? బాక్టీరియా విషము తిన్నగ పోయి కాన్సరు కణమును చంపలేదు. అది శరీరములోని రక్షణ వ్యవస్థను తట్టి లేపినది. ఊరిలో దొంగ దాగియున్నను ఎరుగక నిద్రించువారు, వేరొకచోట మంట లేచినదన్న కేకకు లేచి, దీపములతో వెదకి, దొంగను కూడ పట్టుకొనినట్లు ఇది జరుగును. 1975లో న్యూయార్కులోని పరిశోధకులు, బాక్టీరియాలను, వాని విషమును ఎక్కించిన ఎలుకల రక్తములో గడ్డలను కుళ్ళజేయు ఒక మాంసకృత్తును కనుగొనిరి. ఆ మాంసకృత్తును ఎలుక శరీరమే తయారుచేసినది.

ఈ మార్గము నేటికిని వైద్యములో నిలిచియున్నది. మన పిల్లలలో పెక్కుమందికి ఎడమ భుజముపై ఒక చిన్న మచ్చ యుండును. అది పుట్టగనే క్షయవ్యాధి రాకుండ వేసిన బి.సి.జి. టీకా గురుతు. బలము తగ్గింపబడిన, సజీవమైన బాక్టీరియాయే ఆ టీకా. 1976లో కెనడా వైద్యుడు అల్వారో మొరాలెస్ ఆ బాక్టీరియానే మూత్రాశయములోనికి గొట్టముద్వారా పంపి, అచటి కాన్సరు తిరిగి రాకుండ చేయవచ్చునని తెలిపెను. మూత్రాశయపు లోపొరను దాటి కండరములోనికి చొరని కాన్సరునకు నేడు ప్రపంచమంతట ఈ చికిత్స చేయుచున్నారు.

భీమవరమునుండి బోస్టనుకు

కోలీ మార్గములో సూక్ష్మజీవి పని హెచ్చరించుట. చంపు పని శరీరము చేయును. సూక్ష్మజీవులవలన లభించిన రెండవ పాఠము వేరు. ఆ పాఠమునకు దారితీసినవారిలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు ముఖ్యులు. ఆయన 1895లో భీమవరములో జన్మించిరి. బాల్యములో రాజమహేంద్రవరమున చదివిరి. మద్రాసులో వైద్యవిద్య నేర్చి, అమెరికాలోని బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయములో పరిశోధనలు చేసిరి. స్ప్రూ అను వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. తీవ్రమైన విరేచనములతో, రక్తహీనతతో మనిషి క్షీణించు ఆ వ్యాధికి మందు కనుగొనవలెనను పట్టుదల ఆయనను విడువలేదు. 1940లో ఆయన లెడర్లె ప్రయోగశాలలలో చేరి ఫోలిక్ ఆమ్లమును వేరుచేయు పని చేపట్టిరి.

ఈ విటమిను కాలేయములో మిక్కిలి స్వల్పముగా నుండును. అంత స్వల్పమైన పదార్థమును తూచుటెట్లు? ఇందుకు లాక్టోబాసిల్లస్ కేసీ అను బాక్టీరియా తోడ్పడినది. మన ఇండ్లలో పాలను తోడుపెట్టు బాక్టీరియాలకు ఇది చుట్టము. ఫోలిక్ ఆమ్లము లేనిచో ఇది పెరుగలేదు. ఎంత ఆమ్లమున్న అంత పెరుగును. పెరిగినకొలది ద్రవము మబ్బుగా మారును. ఆ మబ్బుతనమును కొలిచినచో విటమిను ఎంత గలదో తెలియును. ఈ విధముగ ఒక బాక్టీరియాయే శాస్త్రజ్ఞులకు త్రాసైనది. సుబ్బారావుగారి బృందము కాలేయమునుండియు, వేరొక బాక్టీరియాను పెంచిన ద్రవమునుండియు ఈ విటమినును వేరుచేసి, 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగినది.

ఆ కాలమున బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ల్యుకీమియా అనబడు రక్తపు కాన్సరుతో మరణించుచున్న పిల్లలను చూచుచుండెను. నాడు ఆ వ్యాధికి మందు లేదు. ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థములను ఇచ్చినపుడు వ్యాధి తగ్గుటకు మారుగా వేగముగ పెరిగినట్లు ఆయనకు తోచినది. పెరుగుటకు ఈ విటమిను ఆ కణములకు అవసరమైనచో, దానిని అందకుండ చేసిన ఏమగును? సుబ్బారావుగారి బృందము అట్టి పదార్థమును తయారుచేసి పంపెను. అదియే అమినోప్టెరిను. చూపునకు అది ఫోలిక్ ఆమ్లమువంటిదే. అణువులో ఒక మూల మాత్రము చిన్న మార్పు. తాళములో దూరి తిరుగక ఇరుకుకొనిపోయిన దొంగ తాళపుచెవివలె అది ఎంజైమును పట్టుకొనును. అంతట కణము క్రొత్త డి.ఎన్.ఏ. తయారుచేసికొనలేక విభజన మానును.

1948 జూనులో ఫార్బర్ తన ఫలితములను ప్రకటించెను. మందు తీసికొనిన 16 మంది పిల్లలలో 10 మందికి స్పష్టమైన మేలు కనబడినది. అది కొన్ని నెలల మేలు మాత్రమే. వ్యాధి మరల తిరుగబెట్టినది. అయినను రసాయనముతో పిల్లల ల్యుకీమియాను వెనుకకు త్రోయవచ్చునని లోకమునకు తెలిసినది అప్పుడే. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు 53వ ఏట కన్నుమూసిరి. అమినోప్టెరినునకు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేటు నేటికిని పిల్లల ల్యుకీమియా చికిత్సలో వాడబడుచున్నది.

అమినోప్టెరిను బాక్టీరియా విషము కాదు. మనుష్యులు తయారుచేసిన రసాయనము. దానికొక లోపము కలదు. వేగముగ విభజన చెందు కణములన్నింటిని అది బాధించును. నోటి లోపొర, ఎముకలలోని మూలుగ కూడ అట్టివే గనుక నోటిలో పుండ్లు పడుట, రక్తకణములు తగ్గుట జరుగును. వరికి, ఊదకు గల భేదమును ఈ మందు కొంతవరకే ఎరుగును.

ఆకలిచే చచ్చు కణము

కణమునకు కావలసినది అందకుండ చేయుట అను ఇదే సూత్రమును ఒక బాక్టీరియా మరింత చక్కగ చూపినది. 1953లో జాన్ కిడ్ అను శాస్త్రజ్ఞుడు గినీపందుల రక్తరసము ఎలుకలలోని కొన్ని రక్తపు కాన్సరులను నశింపజేయుట గమనించెను. అందులో పనిచేయునది ఆస్పరజినేజు అను ఎంజైము అని తరువాత తేలినది. ఇది ఆస్పరజీను అను ఆహారాంశమును ముక్కలు చేయును. ఆరోగ్యవంతమైన కణములు తమకు కావలసిన ఆస్పరజీనును తామే తయారుచేసికొనగలవు. కొన్ని ల్యుకీమియా కణములకు ఆ నేర్పు చాలదు. అవి రక్తములో దొరకుదానిపై ఆధారపడును. రక్తములో అది లేకపోయినచో అవి ఆకలిచే చచ్చును.

గినీపందులనుండి చికిత్సకు చాలినంత ఎంజైమును తీయుట అసాధ్యము. 1964లో మన ప్రేగులలో నివసించు ఇ. కోలై అను బాక్టీరియాలో ఇటువంటి ఎంజైమే కనుగొనబడినది. అప్పటినుండి బాక్టీరియాను పెద్ద పాత్రలలో పెంచి, ఎంజైమును తీసి, పిల్లల ల్యుకీమియాకు మందుగా వాడుచున్నారు.

డిఫ్తీరియా విషము పనిచేయు తీరు

ఇక అసలైన విషముల సంగతి చూతము. కంఠసర్పి అని కూడ పిలువబడు డిఫ్తీరియా ఒకనాడు పిల్లలకు మృత్యువు. 1888లో రూ, యెర్సిన్ అను శాస్త్రజ్ఞులు ఈ బాక్టీరియా పెరిగిన ద్రవమును వడకట్టి, బాక్టీరియా లేని ఆ ద్రవమే జంతువులను చంపునని చూపిరి. గొంతులో నుండు బాక్టీరియా గుండెను చెరచుటకు కారణము రక్తములో కలిసి ప్రయాణము చేయు ఈ విషమే.

ఈ విషము ఒక మాంసకృత్తు. దానియందు మూడు భాగములు కలవు. ధవళేశ్వరమునుండి సాగు కాలువలలో సరుకు పడవ పయనమును తలచుకొనినచో వీని పని సులభముగ బోధపడును. పడవను ఒడ్డునకు పట్టి కట్టుటకు కొక్కెము కావలెను. లాకు తలుపు తెరువబడవలెను. అటుపిమ్మట సరుకు దిగవలెను. విషములోని మొదటి భాగము కొక్కెము. అది కణము పైపొరపై నుండు ఒక ప్రత్యేకమైన మాంసకృత్తును పట్టుకొనును. కణము దానిని ఆహారమని భ్రమించినట్లు ఒక చిన్న సంచిలో చుట్టి లోనికి తీసికొనును. సంచిలో ఆమ్లత్వము పెరుగగనే రెండవ భాగము రూపు మార్చుకొని సంచి గోడలో దారి చేయును. ఆ దారిగుండ మూడవ భాగము కణద్రవములోనికి జారును. అసలు సరుకు అదియే.

మూడవ భాగము ఒక ఎంజైము. కణములో మాంసకృత్తుల తయారీకి తప్పనిసరియైన ఒక సాధనమును అది పాడుచేయును. ఒక దానిని పాడుచేసి, తాను చెడక, మరియొకదానిపైకి పోవుచుండును. కాబట్టి స్వల్ప పరిమాణమే చాలును. ఈ విషభాగపు అణువు ఒక్కటి లోపలికి చేరినను కణము చచ్చునని 1978లో జపాను శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

కొక్కెమును మార్చుట

మూడు భాగములు వేరువేరు పనులు చేయునని తెలిసిన పిదప ఒక ఆలోచన పుట్టినది. విషమునకు ఏ కణముపై పోవలెనో చెప్పునది కొక్కెము మాత్రమే. దానిని కోసివేసి, కాన్సరు కణమును పట్టు వేరొక కొక్కెమును అతికించినచో? జన్యువులను కత్తిరించి అతుకు విద్య వృద్ధియైన తరువాత ఇది సాధ్యమైనది. డిఫ్తీరియా విషపు జన్యువులోని కొక్కెపు భాగమును తీసి, ఇంటర్‌లూకిన్-2 అను మాంసకృత్తు జన్యువును చేర్చి, ఇ. కోలై బాక్టీరియాచే ఆ మిశ్రమ మాంసకృత్తును తయారుచేయించిరి. కొన్ని లింఫోమా కాన్సరు కణములపై ఇంటర్‌లూకిన్-2ను పట్టుకొను గ్రాహకములు హెచ్చుగ నుండును.

డెనిల్యూకిన్ డిఫ్టిటాక్స్ అను ఈ మందును, చర్మములో వచ్చు ఒకరకపు లింఫోమాకు వాడుటకు అమెరికా ప్రభుత్వము 1999లో అనుమతించినది. 2014లో దాని సరఫరా నిలిచిపోయినది. మెరుగుపరచిన రూపమునకు 2024లో మరల అనుమతి లభించినది. 2018లో ఇంటర్‌లూకిన్-3ను కొక్కెముగా గల టాగ్రాక్సోఫస్ప్ అను మందు, అరుదైన మరియొక రక్తపు కాన్సరునకు అనుమతి పొందినది.

సూడోమొనాస్ అను బాక్టీరియా విషము కూడ కణములోని అదే సాధనమును చెరచును. అమెరికాలోని జాతీయ కాన్సరు సంస్థలో ఐరా పాస్టన్ బృందము ఏండ్ల తరబడి శ్రమించి, ఈ విషమునకు ప్రతిదేహమును, అనగా యాంటిబాడీని, కొక్కెముగా అతికించినది. ఆ పరిశోధననుండి పుట్టిన మోక్సెటుమొమాబ్ అను మందు ‘హెయిరీ సెల్ ల్యుకీమియా’కు 2018లో అనుమతి పొందినది. వాడువారు కొలదిమందియే యగుటచే 2023లో అమెరికా మార్కెట్టునుండి అది ఉపసంహరింపబడినది.

అడ్డంకులు

ఇంత చక్కని ఆలోచన అన్ని కాన్సరులకు ఏల పనికిరాలేదను ప్రశ్న విద్యార్థులకు కలుగుట సహజము. ఇందుకు నాలుగు కారణములు చెప్పవచ్చును.

మొదటిది: కొక్కెము పట్టు గురుతు కాన్సరు కణముపైననే యుండుట అరుదు. ఆరోగ్యవంతమైన కణములపై కూడ అది కొంత యుండును.

రెండవది: ఈ మందులవలన సన్నని రక్తనాళముల గోడలు వదులై, ద్రవము బయటికి కారి, శరీరము వాచి, రక్తపు పోటు పడిపోవు ప్రమాదము కలదు.

మూడవది: గడ్డ గట్టిగ నున్నచో ఇంత పెద్ద మాంసకృత్తు దాని నడిమికి చొరలేదు. రక్తములో తిరుగాడు కణములను చేరుట సులభము. అందుచేతనే ఇంతవరకు కలిగిన విజయములు రక్తపు కాన్సరులలోను, లింఫోమాలలోను కనబడుచున్నవి.

నాలుగవది మిక్కిలి విచిత్రమైనది. 1923లో రామోన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డిఫ్తీరియా విషమును ఫార్మలినుతో నిర్వీర్యము చేసి టీకాగా వాడు పద్ధతి తెలిపెను. నేడు మన పిల్లలకు 6, 10, 14 వారముల వయస్సులో వేయు పెంటావలెంటు టీకాలో అది కలదు. దానివలన శరీరము ఆ విషమును గుర్తించి అడ్డగించు ప్రతిదేహములను సిద్ధము చేసికొనును. ఆ మనిషికే పెద్దయైన పిదప కాన్సరు వచ్చి డిఫ్తీరియా విషముతో చేసిన మందు ఈయవలసివచ్చినచో, పాత ప్రతిదేహములు ఆ మందును కూడ అడ్డగింపవచ్చును. ప్రాణమును కాపాడిన కవచమే మందునకు అడ్డు తగులును! అంతమాత్రమున టీకా మానరాదు. డిఫ్తీరియా ఎవరికైనను సోకగలదు. ఈ మందు కావలసినవారు మిక్కిలి కొలదిమంది. ప్రతిదేహములు గుర్తింపలేనట్లు విషపు రూపమును మార్చుటకు శాస్త్రజ్ఞులు ప్రయత్నించుచున్నారు.

తెలిసికొనవలసిన సంగతి

ముల్లును ముల్లుతోనే తీయవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటను పట్టుకొని, ఏదో ఒక విషముతో రాచపుండు నయము చేయుదుమనువారు కూడ ఉన్నారు. మొనలేని ముల్లుతో కెలికినచో పుండు పెద్దదగును. కోలీ రోగులలో కొందరు మరణించినది మోతాదు, గురి తెలియని కాలములోనే. పైన చెప్పిన మందులలో ప్రతిదానిని ఏండ్ల తరబడి పరీక్షించిరి. ఆసుపత్రిలో, నిపుణుల కనుసన్నలలో మాత్రమే వానిని ఇత్తురు.

మెథోట్రెక్సేటు, ఆస్పరజినేజు మున్నగు మందులను కలిపి ఇచ్చుటచే నేడు పిల్లలలో వచ్చు ముఖ్యమైన ల్యుకీమియా చాలమందిలో నయమగుచున్నది. కాని రోగి వేళకు వైద్యునివద్దకు చేరవలెను. విడువని జ్వరము, పాలిపోవుట, కారణము లేకుండ రక్తము కారుట, చర్మముపై కమిలిన మచ్చలు, మానని పుండు, పెరుగుచున్న గడ్డ — వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయరాదు. హైదరాబాదులో 1955నుండి పనిచేయుచున్న ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి, విశాఖపట్టణములోని హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి ఇట్టి చికిత్సకు ప్రభుత్వరంగములో నున్నవి. కలుపును లేతగ నున్నపుడు తీయుటయే మేలని డెల్టా రైతు ఎరుగును. తరగతిలో ఒక విద్యార్థి వారముల తరబడి పాలిపోయి, నీరసించి యుండుటను మొదట గమనించువాడు ఉపాధ్యాయుడే కావచ్చును. ఆ తలిదండ్రులకు ఒక రక్తపరీక్ష చేయింపుడని చెప్పుట చిన్న మాటయే. దానివలన ఒక ప్రాణము నిలువవచ్చును.